డిమెన్షియా ఉన్న కుటుంబానికి ఏ సాయం ఎప్పుడు? తరగతులు, సహాయక బృందాలు, కౌన్సెలింగ్, డే కేర్ మధ్య ఎంపిక

ఇంట్లో ఒకరికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి క్రమంగా దెబ్బతినే జబ్బు ఉందని డాక్టర్ నిర్ధారించాక ఆ కుటుంబానికి దొరికే సాయం అనేక రూపాల్లో ఉంటుంది. ఒక పూట జరిగే అవగాహన సదస్సు, కొన్ని వారాల శిక్షణ తరగతి, ఇదే కష్టంలో ఉన్న ఇతర కుటుంబాలతో కలిసి కూర్చునే సహాయక బృందం, ఒక్కో కుటుంబానికి విడిగా ఇచ్చే కౌన్సెలింగ్, ఫోన్ హెల్ప్‌లైన్, ఆన్‌లైన్ కోర్సు, పగటిపూట చూసుకునే డే కేర్ కేంద్రం, ఇంటికి వచ్చి కొన్ని గంటలు ఉండే సహాయకులు, ఇవన్నీ ఆ కోవలోవే. వీటన్నిటినీ కలిపి కుటుంబాలకు మద్దతు అని ఒకే మాటతో చెప్పడం వల్ల ఏది దొరికితే అదే సరిపోతుందన్న భావన కలుగుతుంది. సదస్సుకు వెళ్లి వచ్చాక కూడా రాత్రిళ్లు నిద్ర లేకుండానే గడుస్తుంటే, సాయం అడిగి చూశాం, లాభం లేకపోయింది అని నిరాశపడి మిగిలిన దారులన్నీ వదిలేసే కుటుంబాలు ఉన్నాయి. వారికి అందిన సాయం మంచిదే అయి ఉండవచ్చు, కానీ అది వారి ఇబ్బందికి సంబంధించినది కాదు. అందుకే ఈ పోలికలో ఏది గొప్పది అన్న చర్చ కంటే, ఏ ఇబ్బందికి ఏది తగినది అన్న విచారణకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. ఏటా కోటికి దగ్గరగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. వీరిని చూసుకునే బాధ్యత చాలావరకు జీతభత్యాలు లేని కుటుంబ సభ్యుల మీదే పడుతుంది. అలా చూసుకునేవారు సగటున రోజుకు 5 గంటలు ఈ పనికే వెచ్చిస్తున్నారనీ, ఆ గంటల్లో 70 శాతం స్త్రీలవేననీ అదే సంస్థ చెబుతోంది. ఏ సేవను ఎంచుకున్నా ఆ గంటల్లో ఎన్ని తగ్గాయి, ఎవరికి తగ్గాయి, తగ్గకపోతే కనీసం ఆ గంటలు గడపడం ఎంత సులువైంది అన్న కొలతతోనే దాన్ని చూడాలని నా అభిప్రాయం.

ఎంపికకు ముందు

మొదట తేల్చుకోవలసినది నిర్ధారణ. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, కుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం కూడా మతిమరుపుగా, గందరగోళంగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. పరీక్షలు చేయించకుండా తరగతిలోనో బృందంలోనో చేరితే, నయం చేయదగిన కారణం చూపుకు అందకుండా పోయే ప్రమాదం ఉంది. అలాగే నిన్నటి వరకు ఒక స్థాయిలో ఉన్న వ్యక్తి ఒకటి రెండు రోజుల్లోనే బాగా అయోమయంలో పడినా, మగతగా మారినా దాన్ని డిమెన్షియా ముదిరిందని అనుకోకూడదు. మూత్రకోశ ఇన్ఫెక్షన్, నిమోనియా, ఒంట్లో నీరు తగ్గడం వంటివాటి వల్ల వచ్చే డెలీరియం అలాగే ఉంటుంది. ఆ సమయంలో కావలసింది ఆస్పత్రి. ఏ సహాయక బృందమూ ఆ పని చేయలేదు.

రెండవది డిమెన్షియా రకం. కేసుల్లో 60 నుంచి 70 శాతం వరకు అల్జీమర్స్ వ్యాధివే గనక చాలా తరగతుల పాఠాలు దానిని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. లూయీ బాడీ డిమెన్షియాలో జ్ఞాపకశక్తి తగ్గడం కంటే ముందే, అక్కడ లేని మనుషులు కనిపించడం, నడక మారడం, ఒక పూట తెలివిగా మరో పూట మగతగా ఉండడం బయటపడవచ్చు. పైగా కొన్ని మానసిక వైద్య మందులు వీరికి తీవ్రమైన హాని చేయగలవు. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా తరచుగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలై, మతిమరుపు కంటే ముందు ప్రవర్తనలోనో మాటలోనో కనిపిస్తుంది. ఉద్యోగం చేస్తున్న వయసులో భర్తకు ఈ వ్యాధి వచ్చిన స్త్రీ, ఎనభై ఏళ్ల తల్లిదండ్రులను చూసుకునేవారి బృందంలో కూర్చుంటే ఆమె ప్రశ్నలకు అక్కడ జవాబులు తక్కువగా దొరుకుతాయి. చిన్న వయసు పిల్లలు, చేయలేని ఉద్యోగం, తీరని అప్పు ఆమె సమస్యలు. అలాంటి కుటుంబాలు చిన్న వయసులో వచ్చే డిమెన్షియాకు ప్రత్యేకించిన బృందం ఉంటే, అది దూరంగా ఉన్నా, ఆన్‌లైన్‌లో మాత్రమే ఉన్నా దాన్నే ముందు ప్రయత్నించాలి.

మూడవదానికి డాక్టర్ అవసరం లేదు. ఇంట్లో ఎక్కువ సమయం చూసుకుంటున్న వ్యక్తిని పక్కకు పిలిచి, గత వారంలో ఏ గంట అన్నిటికంటే కష్టంగా గడిచిందో అడగాలి. వచ్చే జవాబు చాలావరకు నాలుగు రకాల్లో ఒకటిగా ఉంటుంది. అడిగిందే అడగడం, దాచిన వస్తువు దొంగిలించారని నింద వేయడం కావాలని చేస్తున్నట్టు అనిపించి కోపం వస్తోందంటే అది వ్యాధి గురించి తెలియకపోవడం వల్ల వచ్చిన కష్టం. వ్యాధి అని తెలుసు, అయినా స్నానానికి ఒప్పించలేకపోతున్నాను, సాయంత్రమయ్యే సరికి ఇంటికి పోతానని తలుపు దగ్గర నిలబడితే ఆపలేకపోతున్నాను అంటే అది నేర్పు లేని కష్టం. అన్నీ తెలుసు, చేయగలను కూడా, కానీ నిద్ర లేదు, నా మందులు నేను వేసుకునే తీరిక లేదు అంటే అది సమయం లేని కష్టం. నేను ఒక్కదాన్నే చేస్తున్నాను, మిగిలినవాళ్లు ఫోన్‌లో సలహాలు మాత్రం ఇస్తున్నారు అంటే అది కుటుంబంలో పంపకం కుదరని కష్టం. ఈ నాలుగింటికీ మందు ఒకటే కాదు.

సదస్సుకూ శిక్షణ తరగతికీ తేడా

ఒక పూట సదస్సు మొదటి రకం కష్టానికి బాగా పనిచేస్తుంది. ఇది మెదడులో జరుగుతున్న మార్పు, మొండితనం కాదు అని డాక్టర్ నోట విన్న తర్వాత ఇంట్లో అరుపులు తగ్గిన సందర్భాలు తక్కువేమీ కావు. నేరుగా చూసుకోని బంధువులను, ఇరుగుపొరుగును, ఇంటి యజమానిని తీసుకెళ్లడానికి కూడా ఇదే అనువైనది, ఎందుకంటే వారి నుంచి ఎవరూ వారాల తరబడి హాజరు ఆశించరు. జపాన్ 2005లో మొదలుపెట్టిన డిమెన్షియా సపోర్టర్ల కార్యక్రమం ఈ ఆలోచన మీదే నడుస్తోంది. దుకాణాల్లో, బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసేవారికి, చదివేవారికి చిన్న శిక్షణ ఇచ్చి, దారి తప్పిన పెద్దవారితో ఎలా మాట్లాడాలో నేర్పుతారు. ఇంగ్లండ్‌లో 2013లో మొదలైన డిమెన్షియా ఫ్రెండ్స్‌కు అదే స్ఫూర్తి. ఇలాంటి కార్యక్రమాలు ఊరిని మారుస్తాయి, ఇంట్లో పని మాత్రం తగ్గించవు. అది వాటి లోపమని నేను అనను. వాటి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకుండా ఉంటే చాలు.

రెండో రకం కష్టానికి వారాల తరబడి సాగే శిక్షణ కావాలి. నేర్చుకున్నది ఇంట్లో ప్రయత్నించి, కుదరనిది తిరిగి వచ్చి చెప్పి, మార్చుకుని మళ్లీ ప్రయత్నించే అవకాశం అందులోనే ఉంటుంది. లండన్‌లోని పరిశోధకులు రూపొందించిన స్టార్ట్ అనే కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. అందులో చూసుకునే వ్యక్తికి విడిగా 8 సార్లు బోధన ఉంటుంది. ఇబ్బంది పెట్టే ప్రవర్తన ఎప్పుడు, దేని తర్వాత మొదలవుతోందో రాసుకోవడం, ఆలోచనను మార్చుకోవడం, శరీరాన్ని సడలించడం, ముందుముందు ఏం చేయాలో ప్రణాళిక వేసుకోవడం అందులోని పాఠాలు. 260 మంది సంరక్షకులతో పరీక్షించి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, తర్వాత కొనసాగించిన పరిశీలనల్లో శిక్షణ పొందినవారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గినట్టు తేలింది. ఇక్కడ కుటుంబాలు గమనించవలసిన మరో సంగతి ఉంది. ఆ పాఠాలు చెప్పినవారు డాక్టర్లు కారు, మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, అనుభవం ఉన్న నిపుణుల పర్యవేక్షణలో పనిచేసినవారు. గోవాలో 81 కుటుంబాలతో జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనంలోనూ స్థానికంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన సలహాదారులు ఇళ్లకు వెళ్లారు, వారి వెనుక మానసిక వైద్యుల పర్యవేక్షణ ఉంది. ఆ ఇళ్లలో చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగైంది. కనుక తరగతి చెప్పేది డాక్టరా కాదా అన్నదాని కంటే, చెప్పేవారికి శిక్షణ, పర్యవేక్షణ ఉన్నాయా, విన్నది ఇంట్లో చేసి చూసి తిరిగి చెప్పే వీలుందా అన్నవి ముఖ్యం. ఉపన్యాసం మాత్రమే ఉన్న ఆరు వారాల తరగతి ఆరు సదస్సులతో సమానం.

సహాయక బృందమా, విడిగా కౌన్సెలింగా

ఈ రెండింటి మధ్యే కుటుంబాలు ఎక్కువగా తడబడతాయి. బృందంలో దొరికేది ఇంకెక్కడా దొరకదు. తండ్రి తనను గుర్తుపట్టని రోజున ఎలా ఉంటుందో పుస్తకం చెప్పలేదు, అది అనుభవించినవారే చెప్పగలరు. వింటున్నవారికి తెలుసు కనుక వివరణ అవసరం ఉండదు, సిగ్గు తగ్గుతుంది. డైపర్లు మార్చడం దగ్గర నుంచి, ఒకే రకం చొక్కాలు నాలుగు కొని పెట్టుకోవడం వరకు పనికొచ్చే చిట్కాలు అక్కడే దొరుకుతాయి.

అయితే బృందం అందరికీ, అన్ని సమయాల్లో మేలు చేయదు. నిర్ధారణ జరిగి నెల కూడా తిరగని కుటుంబం, మంచం పట్టిన చివరి దశ వివరాలను మొదటి సమావేశంలోనే వింటే కుదుటపడడానికి బదులు బెదిరిపోవచ్చు. అందుకే తొలిదశ, మధ్యదశ, చివరిదశ కుటుంబాలను వేర్వేరుగా కూర్చోబెట్టే బృందం దొరికితే మేలు. అది లేకపోతే, సమావేశం నడిపే వ్యక్తి కొత్తవారిని ముందుగా కలిసి మాట్లాడతారా అని అడగాలి. నడిపేవారి చేతిలోనే చాలా ఉంది. ఒక్కరే గంటసేపు మాట్లాడినా ఆపలేని నిర్వాహకులు, వైద్య సలహాలను సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నా సరిదిద్దని నిర్వాహకులు ఉన్న చోట కొనసాగనవసరం లేదు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదన్న నియమం మొదటి రోజే స్పష్టంగా వినిపించాలి, ఎందుకంటే బాగా విసుగెత్తినప్పుడు చెయ్యి చేసుకున్నానని ఎవరైనా ఒప్పుకోగలిగేది అలాంటి చోటే. ఆ మాట బయటపడితేనే ఇద్దరికీ సాయం అందుతుంది.

విడిగా కౌన్సెలింగ్ వైపు మొగ్గవలసిన సందర్భాలు మూడు నాలుగు ఉన్నాయి. చూసుకునేవారిలోనే కుంగుబాటు తీవ్రంగా ఉన్నప్పుడు, చనిపోవాలనో చంపాలనో ఆలోచనలు వస్తున్నప్పుడు బృందం కోసం వేచి చూడకూడదు, మానసిక వైద్యుడిని వెంటనే కలవాలి. దాంపత్యంలోని పాత గాయాల వల్ల సంరక్షణ భరించలేనిదిగా మారినప్పుడు దాన్ని పదిమందిలో మాట్లాడడం సాధ్యం కాదు. ఇక నాలుగో రకం కష్టం, అంటే తోబుట్టువుల మధ్య పంపకం కుదరకపోవడం, కుటుంబమంతా కూర్చునే కౌన్సెలింగ్‌తో తప్ప తీరదు. ఈ విషయంలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 1987లో మొదలైన కార్యక్రమం నాకు అన్నిటికంటే నమ్మకం కలిగిస్తుంది. అందులో భార్యనో భర్తనో చూసుకుంటున్న వ్యక్తికి విడిగా 2 సార్లు, కుటుంబ సభ్యులతో కలిపి 4 సార్లు కౌన్సెలింగ్ ఇచ్చి, ఆ తర్వాత సహాయక బృందంలో చేర్చి, అవసరమైనప్పుడల్లా ఫోన్ చేసి మాట్లాడే వీలు కల్పించారు. 406 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఈ సాయం పొందిన కుటుంబాల్లో వ్యాధి ఉన్నవారిని సంరక్షణ గృహంలో చేర్చవలసిన సమయం మధ్యస్థంగా 557 రోజులు, అంటే ఏడాదిన్నర వెనక్కి జరిగింది. ఇక్కడ గమనించవలసినది వరుస. కుటుంబాన్ని ముందు ఒక చోట కూర్చోబెట్టి ఎవరు ఏం చేస్తారో తేల్చారు, బృందం తర్వాత వచ్చింది, ఫోన్ ఎప్పటికీ తెరిచే ఉంది. మీకు దగ్గరలో ఇలా అన్నీ ఒకే చోట దొరకకపోయినా, ఈ వరుసను మీరే కూర్చుకోవచ్చు.

ఆన్‌లైన్, ఫోన్

ఇల్లు వదలలేని వారికి ఇవే దిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసపోర్ట్ కార్యక్రమంలో 5 భాగాలు, 23 పాఠాలు ఉన్నాయి. వ్యాధి పరిచయం, సంరక్షకులుగా ఉండడం, తమను తాము చూసుకోవడం, రోజువారీ సంరక్షణ, ప్రవర్తనలో మార్పులను ఎదుర్కోవడం వాటి విషయాలు. మొదటి నుంచి చివరి వరకు చదవనక్కరలేదు, స్నానం సమస్య అయితే ఆ పాఠమే ముందు తెరవవచ్చు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా విశ్వవిద్యాలయం 2013 నుంచి ఉచితంగా నడుపుతున్న కోర్సు వ్యాధి శాస్త్రాన్ని మరింత లోతుగా చెబుతుంది. చదువుకునే అలవాటు ఉండి, మెదడులో ఏం జరుగుతోందో వివరంగా తెలుసుకుంటే తప్ప మనసు నిలవని వారికి అది సరిపోతుంది. రోజుకు పది నిమిషాలు కూడా దొరకని కోడలికి అది మరో భారం.

దూరం నుంచి అందించే సాయం మీద జరిగిన 26 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2021లో పరిశీలించింది. సమాచారం మాత్రమే ఇవ్వడంతో పోలిస్తే, శిక్షణగానీ మద్దతుగానీ కలిసిన కార్యక్రమాలు సంరక్షకుల భారాన్ని, కుంగుబాటును కొద్దిగా తగ్గించవచ్చని అందులో తేలింది. కొద్దిగా అన్న మాటను అలాగే తీసుకోవాలి. వీడియోలు చూడడం దగ్గరే ఆగిపోకుండా, ఒక మనిషి ఫోన్‌లోనైనా మీ ఇంటి సంగతి అడిగి, వచ్చే వారం మళ్లీ మాట్లాడే కార్యక్రమాన్ని ఎంచుకోవాలి. హెల్ప్‌లైన్ సంగతీ అంతే. ప్రతిసారీ కొత్త గొంతుకు మొదటి నుంచి కథంతా చెప్పుకోవలసి వస్తే ఆ సేవ అత్యవసరానికి మాత్రమే పనికొస్తుంది.

ఇద్దరూ కలిసి వెళ్లే చోట్లు

నెదర్లాండ్స్‌లో బేరె మీసెన్ అనే మనస్తత్వవేత్త 1997లో ప్రారంభించిన అల్జీమర్ కేఫ్‌లకు వ్యాధి ఉన్న వ్యక్తీ కుటుంబమూ కలిసి వెళతారు. ఒక విషయం మీద కొద్దిసేపు మాట్లాడుకోవడం, ప్రశ్నలు, పాట, పలకరింపులు ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1993లో మొదలైన మీటింగ్ సెంటర్లు ఇంకొంచెం ముందుకు వెళ్లి, వ్యాధి ఉన్నవారికి వారంలో కొన్ని రోజులు కార్యకలాపాలను, అదే చోట కుటుంబానికి సమాచార సమావేశాలను, చర్చా బృందాన్ని, సలహాను అందిస్తాయి. ఒకే చోట ఇద్దరికీ సాయం దొరకడం వల్ల, వ్యాధి ఉన్న మనిషిని ఎవరి దగ్గర వదిలి బృందానికి వెళ్లాలి అన్న చిక్కు తీరుతుంది. తొలిదశలో, మధ్యదశ మొదట్లో ఉన్న వ్యక్తికి, ముఖ్యంగా నలుగురిలో ఉండడం ఇష్టపడేవారికి ఇవి చాలా మంచివి. వ్యాధి ఉన్నవారి కోసమే ఉద్దేశించిన కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వారానికి 2 సార్లు చొప్పున 7 వారాల్లో 14 సార్లు చిన్న బృందంగా కూర్చుని మాటలు, ఆటలు, పాత రోజుల ముచ్చట్లతో సాగే ఈ పద్ధతి స్వల్ప, మధ్యస్థ స్థాయి డిమెన్షియాలో ఆలోచనా శక్తికి కొంత మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది. చూసుకునేవారికి ఆ గంట విశ్రాంతి దొరుకుతుంది, అయితే శిక్షణ దొరకదు.

వ్యాధి ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి. నాకు విసుగొస్తోంది అనడానికి వేరే చోటు కావాలి. కాబట్టి కలిసి వెళ్లే చోటు ఒకటి ఉన్నంత మాత్రాన సంరక్షకులకు విడిగా ఉండే బృందం అక్కర్లేదని అనుకోకూడదు.

విరామం: డే కేర్, ఇంటికి వచ్చే సహాయకులు, కొద్దికాలపు వసతి

మూడో రకం కష్టంలో, అంటే సమయం లేని కష్టంలో ఉన్నవారికి తరగతి గురించి చెప్పడం నా దృష్టిలో కొంత అన్యాయం. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి నేర్చుకోలేదు. ముందు గంటలు దొరకాలి, పాఠం తర్వాత.

డే కేర్ కేంద్రం, ఇంటికి వచ్చే సహాయకులు అన్న రెండింటిలో మొదటిది నిజమైన విరామం ఇస్తుంది. మనిషి బయటికి వెళతాడు కనుక ఇల్లు కొన్ని గంటలు ఖాళీ అవుతుంది. సంరక్షకుల ఒత్తిడిని దశాబ్దాలుగా అధ్యయనం చేసిన స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు ఒకే కుటుంబంలో డే కేర్ ఉన్న రోజులనూ లేని రోజులనూ పోల్చి చూసి, ఉన్న రోజుల్లో సంరక్షకులకు ఎదురయ్యే ఒత్తిళ్లు తక్కువని చూపారు. ఇంటికి సహాయకులు వచ్చినప్పుడు, చూసుకునేవారు పక్క గదిలోనే ఉంటే ప్రతి పిలుపుకూ లేవవలసి వస్తుంది. ఈ ఏర్పాటును ఎంచుకున్నవారు ఆ సమయంలో ఇంట్లోంచి బయటికి వెళ్లాలని ముందే నిర్ణయించుకోవాలి, లేకపోతే డబ్బు ఖర్చవుతుంది, విరామం మాత్రం దొరకదు.

అయినా ఇంటి సహాయాన్నే ఎంచుకోవలసినవారు ఉన్నారు. మంచం దిగలేనివారు, కొత్త చోటు చూస్తే భయంతో వణికేవారు, రోజులో ఏ పూట ఎలా ఉంటారో చెప్పలేనివారు, గంటకు పైగా ప్రయాణం చేస్తే తప్ప కేంద్రానికి చేరలేనివారు అలాంటివారే. రాత్రి నిద్ర లేకపోవడమే అసలు బాధ అయితే పగటి డే కేర్ సగం జవాబే. వారానికి ఒకటి రెండు రాత్రులు సహాయకులను పెట్టుకోవడమో, కొద్దిరోజులు వసతి ఇచ్చే చోట చేర్చడమో ఆలోచించాలి. కొద్దికాలపు వసతి నుంచి తిరిగి వచ్చాక కొందరు కొన్ని రోజులు మరింత అయోమయంగా ఉంటారు. అందుకని చూసుకునే మనిషికి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు మొదటిసారి ప్రయత్నించడం కంటే, అవసరం లేని రోజుల్లో రెండు రాత్రులు ప్రయత్నించి చూడడం మేలు.

డే కేర్‌కు తీసుకెళ్లిన మొదటి వారాల్లో వెళ్లనని మొరాయించడం సహజం. మొదటి రోజు ఏడుపును చూసి మానిపించిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కనీసం నెల రోజులు, వారానికి రెండు మూడు రోజులు ఒకే వేళకు పంపి చూశాక నిర్ణయించాలి. వారానికి ఒక్కరోజు పంపితే ప్రతిసారీ అది కొత్త చోటే అవుతుంది. ఒక్కటి మాత్రం ఉపేక్షించకూడదు. ఒంటి మీద గాయాలు కనిపించినా, తిరిగి వచ్చాక ఎప్పుడూ మగతగా ఉన్నా, అడిగిన ప్రశ్నకు సిబ్బంది ఒకరు ఒకలా మరొకరు మరోలా చెప్పినా నెల ఆగనవసరం లేదు.

చేరే ముందు అడగవలసినవి

డే కేర్ కేంద్రంలోనైనా వసతి గృహంలోనైనా సౌకర్యాల జాబితా కంటే, సందర్భం చెప్పి అడిగే ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువ సంగతి చెబుతుంది. సాయంత్రం నాలుగు గంటలకు మా అమ్మ వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లాలని ఏడిస్తే మీరేం చేస్తారు అని అడగండి. అమ్మ చనిపోయిందని గుర్తు చేస్తామని చెబితే వారికి శిక్షణ లేదని అర్థం, ఎందుకంటే ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు అది కొత్త మరణవార్తే. ఆ అమ్మ గురించి మాట్లాడిస్తామని, కొద్దిసేపు నడిపిస్తామని, ఆకలో నొప్పో ఉందేమో చూస్తామని చెబితే వారికి పని తెలుసు. గోల చేస్తే మందు ఇస్తామని మొదటి మాటగా చెప్పిన చోటికి పంపవద్దు. ఎంతమందికి ఒక సిబ్బంది, మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళతారు, పడిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు, సిబ్బంది తరచుగా మారుతుంటారా అన్నవి కూడా అడగాలి.

తరగతులు, బృందాల విషయంలో అడగవలసినవి తక్కువ. నడిపేవారికి ఏ శిక్షణ ఉంది, మధ్యలో రెండుసార్లు రాలేకపోతే ఫరవాలేదా, మేము వచ్చిన గంటసేపు ఇంట్లో మనిషిని చూసుకునే ఏర్పాటు ఏదైనా ఉందా అన్నవి చాలు. మూడో ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే ఆ నిర్వాహకులు కుటుంబాల కష్టాన్ని దగ్గరి నుంచి చూసినవారని నేను నమ్ముతాను. జ్ఞాపకశక్తిని తిరిగి తెప్పిస్తామని హామీ ఇచ్చేవారు, డాక్టర్ ఇచ్చిన మందులు ఆపమనేవారు, సమావేశం చివర ఏదో ఒకటి అమ్మేవారు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా వారికి దూరంగా ఉండాలి. అల్జీమర్స్‌ను వెనక్కి మళ్లించే చికిత్స ఇంతవరకు లేదు.

సరిపోయిందో లేదో చూడడం

ఎంచుకున్నది పనిచేస్తోందా అన్నది అప్పటికప్పుడు కలిగే భావనను బట్టి తేలదు, ఎందుకంటే ఈలోగా వ్యాధి కూడా ముందుకు వెళుతుంది. జారిట్ రూపొందించిన సంరక్షకుల భారం ప్రశ్నావళి దీనికి ఉపయోగపడుతుంది. అందులో 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 88. చేరేటప్పుడు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి నింపి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. వ్యాధి ముదురుతున్నా మార్కులు పెరగకుండా నిలిచి ఉంటే ఆ సాయం పనిచేస్తోందనే అర్థం చేసుకోవచ్చు. పెరుగుతూ ఉంటే సేవను మార్చాలి, లేదా దానికి మరొకటి జోడించాలి. చాలా కుటుంబాలకు తొలిదశలో శిక్షణ తరగతీ కుటుంబ కౌన్సెలింగూ, మధ్యదశలో డే కేరూ బృందమూ, చివరిదశలో ఇంటి సహాయమూ నొప్పిని తగ్గించే వైద్యమూ ప్రధానమవుతాయి. ఆరు నెలల క్రితం పనికిరాలేదని వదిలేసినదే ఇప్పుడు సరిగ్గా కావలసినది కావచ్చు.

ఎంపికలో ఎవరూ పెద్దగా అడగని విషయం ఇంకొకటి ఉంది. సంరక్షణ గృహంలో చేర్చిన తర్వాత, లేదా మనిషి పోయిన తర్వాత ఆ బృందంలో, ఆ కౌన్సెలర్ దగ్గర మీకు చోటు ఉంటుందా? కొన్ని బృందాల్లో సభ్యత్వం వ్యాధి ఉన్న వ్యక్తి ఇంట్లో ఉన్నంతకాలమే. ఏళ్ల తరబడి రోజంతా ఒకే పనిలో గడిపిన మనిషికి ఆ పని ఆగిపోయిన తర్వాతి నెలలు ఎంతో కష్టంగా గడుస్తాయి, అపరాధభావం కూడా అప్పుడే ఎక్కువగా బయటపడుతుంది. న్యూయార్క్ కార్యక్రమంలో సంరక్షణ గృహంలో చేర్చిన తర్వాత కూడా కుటుంబాలకు కౌన్సెలింగ్ కొనసాగించారు. రెండు సేవలు మిగతా అన్ని విషయాల్లో సమానంగా కనిపిస్తే, ఆ తర్వాత కూడా తలుపు తెరిచి ఉంచేదాన్నే ఎంచుకోమని చెబుతాను.